పుట్టినరోజు భోజనం అయ్యాక...

ఆడపిల్లల ఆశ్రమం ఏ ఊళ్లో ఉన్నదైనా సరే, ఆఫీసు గదిలో గోడకి పెద్ద క్యాలెండర్ ఒకటి తగిలించి ఉంటుంది. అందులో గడులన్నీ పేర్లతో నిండి ఉంటాయి. ఫలానా వారి అబ్బాయి పుట్టినరోజు, మధ్యాహ్నం భోజనం. ఫలానా దంపతుల పెళ్లిరోజు, రాత్రి భోజనం. ఫలానా వారి నాన్నగారి సంవత్సరీకం, పొద్దున టిఫిన్. ఆదివారాలైతే ఒక్కో గడిలో రెండేసి పేర్లు. ఆ పేర్లు రాయించినవాళ్లంతా మంచివాళ్లు. తమ ఇంట్లో సంతోషం వచ్చిన రోజునో, దుఃఖం గుర్తొచ్చిన రోజునో ఎవరూ లేని పిల్లల్ని తలుచుకున్నవాళ్లు.

అదే గదిలో బల్లసొరుగులో మరో కాగితం ఉంటుంది. వార్డెన్ జీతం, రాత్రి కాపలా ఉండే ఆవిడ జీతం, ఇంటి అద్దె, కరెంటు బిల్లు, ఒక పాపకి కళ్లద్దాలు, మరో పాపకి నెలనెలా కొనాల్సిన మూర్ఛ మందులు, పెద్దపిల్లలకి ప్యాడ్లు, కోర్టు వాయిదాకి వెళ్లిరావడానికి బస్సు చార్జీలు. ఈ కాగితం మీద ఏ వరసకీ ఎదురుగా దాత పేరు ఉండదు. పుట్టినరోజు కానుకగా కరెంటు బిల్లు కట్టాలని ఎవరికీ తోచదు మరి.

ఆశ్రమాలు, వసతి గృహాలు నడిపేవాళ్లకి నిద్ర పట్టనివ్వనిది ఈ రెండో కాగితమే. క్యాలెండర్ మీద ఉన్న ప్రేమను ఈ కాగితం దాకా తీసుకురాగలిగితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ఒక్కరివల్ల అది కాదు. పదిమంది కలవాలి. కలిసి, నెలనెలా ఇవ్వాలి. ఎవరికివ్వాలో కలిసే తేల్చుకోవాలి. ఆ పని ఎలా చెయ్యాలో వేర్వేరు చోట్ల ఆడవాళ్లు ఇదివరకే చేసి చూపించారు. అందులో మన కాకినాడ ఆడవాళ్లూ ఉన్నారు.

అన్నం పెట్టడం తక్కువ పని అని కాదు. డొక్కా సీతమ్మగారు నడిచిన నేల మీద ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. అయితే కోనసీమలోని లంకల గన్నవరంలో ఆవిడ పెట్టిన అన్నానికి అంత పేరు ఎందుకొచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ పండగలూ పబ్బాలూ చూసి పెట్టలేదు. గోదావరి పాయలు దాటి ఆకలితో వచ్చిన మనిషికి ఏ రోజైనా, ఏ వేళైనా పెట్టారు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించారు. మనం ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ నిలకడే.

గంటలో తేలిపోయిన పని

జాక్సన్ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఓ చిన్న పట్టణం. 2006లో అక్కడి ఫ్యామిలీ హెల్త్ సెంటర్‌కి ఒక సమస్య వచ్చిపడింది. ఆ సెంటర్‌కి వచ్చే పేద బాలింతల ఇళ్లలో పసిబిడ్డని విడిగా పడుకోబెట్టడానికి మంచం ఉండేది కాదు. అట్టపెట్టెల్లో పడుకోబెట్టేవారు. బట్టల సొరుగుల్లో పడుకోబెట్టేవారు. లేదంటే తమ పక్కలోనే. మనకి బిడ్డ తల్లి పక్కలో పడుకోవడం వింతేమీ కాదు. అక్కడి మెత్తటి పరుపులూ, బరువైన దుప్పట్లూ పసివాళ్లకి ఊపిరాడనివ్వవు. అలా ప్రాణాలు పోయిన బిడ్డలూ ఉన్నారు. మడిచిపెట్టుకునే చిన్న మంచాలు 300 కొంటే కొంతకాలం గండం గడుస్తుంది. అందుకు కావాల్సింది పదివేల డాలర్లు.

ఆ ఊరికి మేయర్‌గా చేసిన కేరన్ డనిగన్ ఈ సంగతి విన్నారు. మామూలుగా అయితే అక్కడి పద్ధతి విందు ఏర్పాటు చేసి, టికెట్లు అమ్మి, వేలంపాట పెట్టి నిధులు పోగుచెయ్యడం. దానికి నెలల శ్రమ. హాలు అద్దె, భోజనాల ఖర్చు పోగా మిగిలిందే పిల్లలకి. డనిగన్ మరోలా లెక్క వేశారు. తలా వంద డాలర్లు ఇవ్వగల ఆడవాళ్లు వందమంది తనకి తెలుసు. విందూ వేలమూ లేకుండా వాళ్లనే ఒకచోటికి పిలిస్తే సరిపోదా? ఆ నవంబరులో పిలిచారు, వందమందికి పైగానే వచ్చారు. ఒక్క గంటలో 12,800 డాలర్లు పోగయ్యాయి. మంచాలు కొనేశారు.

ఆ సమావేశంతోనే ‘100 విమెన్ హూ కేర్’ అనే బృందం పుట్టింది. పద్ధతి చాలా సులువు. ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి ఒక్క గంట కలుస్తారు. సభ్యులు తమకి తెలిసిన స్థానిక సంస్థల పేర్లు చీటీల మీద రాసి వేస్తారు. మూడు చీటీలు తీస్తారు. ఆ మూడింటి గురించి పేరు రాసినవాళ్లు తలా అయిదు నిమిషాలు మాట్లాడతారు. తర్వాత ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చిన సంస్థ పేరు మీద అందరూ అక్కడికక్కడే చెక్కులు రాస్తారు. తాను ఓటు వేసిన సంస్థ ఓడిపోయినా సరే, గెలిచినదానికి చెక్కు రాయాల్సిందే. ఇవాళ ఈ పద్ధతిలో నడిచే బృందాలు అమెరికాలోనే కాదు, చాలా దేశాల్లో వందల సంఖ్యలో ఉన్నాయి. డనిగన్ 2014లో కన్నుమూశారు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది, చెక్కు నేరుగా సంస్థ పేరు మీదే రాయడం. బృందానికి బ్యాంకు ఖాతా ఉండదు, కోశాధికారి ఉండరు, మిగులు నిధి ఉండదు. మన దగ్గర మంచి మనసుతో మొదలైన ఎన్ని సంఘాలు డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర విడిపోయాయో తలుచుకుంటే ఈ చిన్న జాగ్రత్త విలువ తెలుస్తుంది. రెండోది ఆ గంట. ఉద్యోగం చేసుకునే అమ్మాయైనా, మనవల్ని చూసుకునే అమ్మమ్మైనా మూడు నెలలకి ఒక గంట ఇవ్వగలరు.

నచ్చనిదీ ఒకటుంది. అయిదు నిమిషాల్లో కంటతడి పెట్టించగలిగినవాళ్ల సంస్థే గెలుస్తుంది. భర్త దెబ్బలకి పారిపోయి వచ్చిన ఆడవాళ్లకి తల దాచుకునే చోటు నడిపేవాళ్లు తమ చిరునామా కూడా బయటికి చెప్పలేరు. చెబితే మర్నాడే గుమ్మం ముందు ఆ భర్త ఉంటాడు. ఫోటోలు చూపించలేరు, ఎవరి కథా విప్పలేరు. అలాంటి సంస్థ మాటల పోటీలో వెనకబడిపోతుంది. అందుకే కొందరు ముందు సంస్థని వెళ్లి చూసి, లెక్కలు చదివి, ఆ తర్వాతే ఓటు వేసే పద్ధతి పెట్టుకున్నారు. 2001లో సిన్సినాటీలో వెండీ స్టీల్ మొదలుపెట్టిన ‘ఇంపాక్ట్ 100’ అలాంటిదే. అందులో వందమంది ఆడవాళ్లు తలా వెయ్యి డాలర్లు వేసి, లక్ష డాలర్లనీ ఒక్కచోటే ఇస్తారు. ఒక సంస్థ ఒక అడుగు పైకెక్కడానికి అంత మొత్తం ఒక్కసారిగా అందడం అవసరమని ఆవిడ ఆలోచన. అమెరికాలో 2017 నుంచి 2023 వరకు ఇలా కలిసి ఇచ్చే బృందాల్ని లెక్కిస్తే దాదాపు 4,000 తేలాయి. వాటిలో 3,70,000 మంది ఉన్నారు. ఇచ్చింది 310 కోట్ల డాలర్లు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే.

పొయ్యి పక్కన చిన్న గిన్నె

వెయ్యి డాలర్ల మాట విని ఇది ఉన్నవాళ్ల వ్యవహారం అనుకోవద్దు. మన దేశంలోనే, జాక్సన్ బృందం కంటే దాదాపు వందేళ్ల ముందు మొదలై నేటికీ ఆగని దానం ఒకటుంది. మిజోరం కొండల్లో ప్రెస్బిటేరియన్ చర్చికి చెందిన ఆడవాళ్లు 1910లో ‘బుహ్‌ఫాయ్ థామ్’ మొదలుపెట్టారు. చేసేదల్లా వంట ముందు ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్క గిన్నెలో వెయ్యడం. పూటపూటా అంతే. పోగైన బియ్యాన్ని ఆ వాడలోని ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి తీసుకుంటారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చి సేవాకార్యక్రమాలకి వెళ్తుంది. ఆ గుప్పెళ్ల విలువ ఇప్పుడు ఏటా కోట్ల రూపాయల్లో ఉంది.

మొదలుపెట్టినప్పుడు ఆ ఆడవాళ్ల చేతిలో డబ్బు లేదు. ఆస్తి లేదు, జీతం లేదు. వాళ్ల అధికారం చెల్లేది బియ్యం కుండ దగ్గర ఒక్కచోటే. అక్కడి నుంచే ఇచ్చారు. ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఒక గుప్పెడు తగ్గితే ఇంట్లో ఎవరికీ ఆకలి మిగలదు. ఊరంతా కలిస్తే బడి నడుస్తుంది.

మనకీ ఇలాంటి దారే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తాగుడుకి పోయే డబ్బు మిగిలింది కదా, దాన్నేం చేద్దాం అన్న ప్రశ్నకి నెల్లూరు జిల్లాలో దొరికిన జవాబు రోజుకో రూపాయి పొదుపు. పొదుపులక్ష్మి సంఘాలు అలా వచ్చాయి. ఆ తర్వాతి డ్వాక్రా కథ ఇంటింటికీ తెలిసిందే. ఆ సంఘాలు అప్పు ఇవ్వడానికీ తీర్చడానికీ పెట్టుకున్నవి. అవే చేతులు అవసరం వచ్చినప్పుడు దానం చెయ్యడానికీ వెనకాడవు. 2018లో కేరళని వరద ముంచెత్తినప్పుడు కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి 7 కోట్ల రూపాయలు ఇచ్చారు. వాళ్లలో ఇళ్లు మునిగినవాళ్లూ, పంటపొలం కొట్టుకుపోయినవాళ్లూ ఎందరో ఉన్నారు.

కాకినాడలో ఇచ్చింది ఎవరు?

1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వస్తున్నారు. ఆ ఊళ్లో ఒక పన్నెండేళ్లు నిండని అమ్మాయికి ఆ కబురు అందింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన పిల్ల. పేరు దుర్గాబాయి. తనకి తెలిసిన దేవదాసీలు, గుమ్మం దాటని ముస్లిం స్త్రీలు గాంధీగారిని చూసి నాలుగు మాటలు వింటే వాళ్ల బతుకులు మారతాయని ఆ అమ్మాయి నమ్మింది. నిర్వాహకుల దగ్గరికి వెళ్లి వేరే సభ కావాలని అడిగింది. అయిదువేల రూపాయల నిధి తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు వాళ్లు. ఆ రోజుల్లో అయిదువేలంటే చిన్న మాట కాదు.

ఆ డబ్బు తెచ్చింది జమీందార్లు కాదు. దేవదాసీలే పోగుచేసి పిల్ల చేతిలో పెట్టారు. సభ జరిగింది. పది నిమిషాలకి ఒప్పుకున్న గాంధీగారు అరగంటకి పైగా ఉండిపోయారు. ఆయన మాటల్ని ఆ పిల్లే తెలుగులోకి మార్చి చెప్పింది. వింటూ వింటూ ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ముందు పెట్టారు. దాదాపు 25 వేల రూపాయల విలువైన సొమ్ము అక్కడికక్కడే పోగయింది. ఈ ఉదంతాన్ని దుర్గాబాయి దేశ్‌ముఖ్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఇది చదివిన ప్రతిసారీ నన్ను పట్టి నిలబెట్టేది ఆ పిల్ల ధైర్యం కంటే ఆ దేవదాసీల దానమే. ఊరు వాళ్లని ఉద్ధరించాల్సినవాళ్లుగా చూసింది, లేదంటే దూరం పెట్టింది. ఇవ్వగలిగినవాళ్లుగా ఎవరూ చూడలేదు. ఒక్క దుర్గాబాయి చూసింది. వెళ్లి అడిగింది. వాళ్లు ఇచ్చారు. ఆశ్రయం కోరి వచ్చిన స్త్రీని ఎప్పటికీ చెయ్యి చాచే మనిషిగానే చూసే అలవాటు ఇవాళ్టికీ మన దాతృత్వంలో ఉంది. అదే స్త్రీని ఏ సంస్థకి ఇవ్వాలో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోబెడితే ఏం కావాలో, ఏం అక్కర్లేదో మనకంటే బాగా చెబుతుంది. తెలుగునాట ఎక్కడైనా ఇలాంటి బృందం మొదలైతే అందులో ఒక కుర్చీ ఆమెకి ఉండాలి.

దుర్గాబాయి మద్రాసు వెళ్లాక 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మైలాపూరులో నలుగురు ఆడపిల్లల్ని పోగేసి ఆడించి, పాడించి, చదివించడంతో మొదలైన పని అది. చిన్నప్పుడే బడి మానిపించిన వితంతువులు, వదిలేసిన భార్యలు అక్కడ మెట్రిక్ పరీక్షకి చదువుకున్నారు. పెద్ద వయసులో తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే పద్ధతి అక్కడ రుజువయ్యాకే, 1958లో దేశమంతటా అలాంటి కోర్సులు వచ్చాయి. అప్పటికి ఆవిడ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలు. 1953లో ఏర్పడిన ఆ మండలి పని ఊరూరా ఉన్న చిన్నచిన్న స్వచ్ఛంద సంస్థల్ని వెతికి గ్రాంట్లు ఇవ్వడం. గుమ్మం గుమ్మం తిరిగి చందాలడిగిన మనిషి కాబట్టే చిన్న సంస్థకి చిన్న మొత్తం సమయానికి అందడం ఎంత అవసరమో ఆవిడకి తెలిసింది. అంతకు ముందే, 1922లో, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు పెట్టిన శారదా నికేతనం కూడా చందాల మీదే ఆడపిల్లల్ని చదివించింది.

అయిదు రోజుల తర్వాత

ఇక ఇవాళ్టి సంగతి. దెబ్బలు తిని అర్ధరాత్రి ఇంట్లోంచి బయటపడిన స్త్రీకి ఇప్పుడు ఫోన్ నంబరు ఉంది, 181. జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంది. 2015 నుంచి దేశమంతటా వచ్చిన ఈ కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. ఉండటానికి చోటు మాత్రం అయిదు రోజులే. ఆ తర్వాత శక్తి సదన్ లాంటి వసతి గృహానికి పంపుతారు. అక్కడ ఒక వయసు దాటిన కొడుకుని తల్లితో ఉండనివ్వరు. పదమూడేళ్ల కొడుకుని వదిలి ఏ తల్లి వెళ్తుంది? చాలామంది మళ్లీ ఆ ఇంటికే తిరిగిపోతారు. దెబ్బల కంటే అద్దె అడ్వాన్సు పెద్ద అడ్డంకి అవుతుంది.

రెండు నెలల అడ్వాన్సు, ఒక గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు, మొదటి నెల సరుకులు, పిల్లాడి బడి మార్చడానికి ఖర్చు. ప్రభుత్వ పథకం దేనిలోనూ ఇవన్నీ కలిపి, ఆ వారంలోనే చేతికి అందవు. ఫైలు కదలాలి, సంతకాలు పడాలి. పదిహేను, ఇరవై మంది కలిసిన ఒక చిన్న బృందం మాత్రం పొద్దున తెలిస్తే సాయంత్రానికి ఇవ్వగలదు. ఇలాంటి బృందాలు మిగతా ఏం చేసినా, చెయ్యకపోయినా ఈ ఒక్క పని పెట్టుకుంటే చాలనిపిస్తుంది నాకు.

పిల్లల విషయంలోనూ ఇంతే. మనం అనాథాశ్రమం అని పిలిచే చోట ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. భర్త పోయిన తల్లి, కూలికి పోతే ఇంట్లో ఆడపిల్లని ఒంటరిగా వదలలేని తల్లి, తన తిండికే దిక్కులేని తల్లి. పిల్లని ప్రేమలేక అక్కడ చేర్చలేదు. 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాకే జరగాలంటుంది. మిషన్ వాత్సల్య పథకం కింద ఇంట్లోనే ఉండి చదువుకునే అలాంటి బిడ్డకి స్పాన్సర్‌షిప్‌గా నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. అందరికీ అందదు. దరఖాస్తు ఎలా పెట్టాలో తెలియని తల్లులే ఎక్కువ. ఆశ్రమంలో ఒక పూట భోజనానికి అయ్యే ఖర్చుతో ఒక తల్లి చేత ఆ దరఖాస్తు పెట్టించి, డబ్బు వచ్చేదాకా ఇల్లు గడిపిస్తే ఆ పిల్ల అమ్మ దగ్గరే ఉంటుంది.

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల గురించి మనం అస్సలు ఆలోచించడం లేదు. ఆ వయసు రాగానే సంస్థ వదలాలి. ఆ తర్వాత 21 ఏళ్ల దాకా సంరక్షణ కొనసాగించవచ్చని చట్టంలో ఉంది. చాలాచోట్ల అది కాగితం దాటదు. మన ఇంట్లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి బయట ఊళ్లో డిగ్రీలో చేరితే హాస్టల్‌లో దింపడానికి ఇద్దరు వెళ్తాం. ఈ అమ్మాయి ఒక సంచితో ఒక్కతే బయటికి వస్తుంది. పుట్టినరోజు కేకులు ఆమెకి చిన్నప్పుడు చాలా వచ్చాయి. ఇప్పుడు కావాల్సింది మూడేళ్ల హాస్టల్ ఫీజు, జ్వరం వస్తే ఫోన్ చెయ్యడానికి ఒక పిన్ని. బృందంలో ఇరవై మంది ఆడవాళ్లు ఉంటే ఇరవై మంది పిన్నులు ఉన్నట్టే. డబ్బు ఒక్కటే ఇచ్చే పెద్ద ఫౌండేషన్ ఈ రెండోది ఎప్పటికీ ఇవ్వలేదు.

ఫోటో వద్దు

కేకు కోసిన తర్వాత పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టడం మామూలైపోయింది. పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. చూసి మరో నలుగురు వస్తారని ఆశ. కానీ బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న బిడ్డని గుర్తుపట్టేలా పేరుగానీ, ఫోటోగానీ, బడి వివరాలుగానీ బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష సంగతి పక్కన పెట్టండి. వేధింపుల కేసులో సాక్షిగా ఉన్న పిల్ల, అమ్మేసిన బంధువు వెతుకుతున్న పిల్ల ఆ వరసలో ఉండొచ్చు. అలాంటి పిల్ల లేకపోయినా, పదో తరగతి చదువుతున్న ఆ అమ్మాయి ముఖం రేపు క్లాసులో ఎవరో ఫోన్‌లో చూసి, నువ్వు అక్కడ ఉంటావా అని అడిగే క్షణాన్ని ఊహించుకోండి. బృందం పెట్టుకున్న మొదటి రోజునే ఫోటోలు లేవన్న నియమం రాసుకోవాలి. ఫోటో తీసుకోమని సంస్థే చెప్పినా, వద్దనాలి.

ఎక్కడ ఇవ్వాలి, ఎలా చూడాలి?

మన ఇళ్లలో చీటీలు నడిపే ఆడవాళ్లు ఉన్నారు. ప్రతి నెలా ఫలానా తేదీకి డబ్బు కట్టకపోతే మాట పోతుందని భయపడతారు. ఎవరి చేతిలో ఎంత నిలుస్తుందో వాళ్లకి కాగితం లేకుండానే తెలుసు. వీళ్లే ఇలాంటి బృందానికి సరైన మనుషులు. 20 మంది, తలా నెలకి 500 అనుకుందాం. నెలకి పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. చిన్న వసతి గృహంలో రాత్రి కాపలా ఉండే ఆవిడ జీతం దీంతో గడిచిపోతుంది. ఆవిడ ఉండబట్టే అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్ల ఆసుపత్రికి వెళ్తుంది.

డబ్బు ఇచ్చే ముందు అడగాల్సినవి అడగడానికి మొహమాటపడొద్దు. పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థకీ బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా నడిపేవాళ్లు ఎంత మంచివాళ్లైనా ముందు రిజిస్టర్ చేసుకోమనాలి. పిల్లల్ని అక్కడికి బాలల సంక్షేమ కమిటీ పంపిందా లేదా అడగాలి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపించమనాలి. రాత్రివేళ ఆడపిల్లల దగ్గర ఎవరుంటారో తెలుసుకోవాలి. మంచి సంస్థ ఈ ప్రశ్నలకి నొచ్చుకోదు. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే, పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి ఇచ్చినదాంట్లో సగం మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలకి మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపే లేదు. అయినా ఇవ్వండి. ఇంకో మాట: సభ్యుల బంధువులో, సొంతవాళ్లో నడిపే ట్రస్టుకి ఇవ్వకూడదని ముందే రాసుకుంటే తర్వాత మనసులు విరగవు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇలాంటివాటికి ముందుకొస్తారు. ఇక్కడొక చిక్కు ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్లు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అక్క పంపితే వస్తుంది, ఆవిడ దగ్గర ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఆ డబ్బు తీసుకోవాలంటే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దానికోసం ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత, అలా వచ్చిన డబ్బుని పెద్ద సంస్థ చిన్న సంస్థకి పంచిపెట్టడం కూడా కుదరదు. ఊళ్లలో చిన్న వసతి గృహాలకి ఈ రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. తెలియక తీసుకుంటే చిక్కుల్లో పడేది ఆ సంస్థే. కాబట్టి అక్కడి వాళ్ల ప్రేమ ఎంత ఉన్నా, ఇక్కడి చిన్న సంస్థ నెలవారీ ఖర్చు మోయాల్సింది ఆ ఊళ్లో ఉన్నవాళ్లే.

జూన్ కంటే ముందే

ఒక అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లో, పాతికేళ్ల కిందట కలిసి పదో తరగతి చదివిన స్నేహితురాళ్లో, ఒక ఆఫీసులో కలిసి భోంచేసేవాళ్లో ఇలాంటి బృందం పెట్టాలనుకుంటే మొదటి సమావేశం ఏప్రిల్‌లో పెట్టుకుంటే బాగుంటుంది. అప్పటికి పరీక్షలు అయిపోతాయి. పిల్లలున్న సంస్థ ఏదైనా సరే, డబ్బుకి కటకట పడే నెల ఏదని అడిగితే తరచుగా వచ్చే జవాబు జూన్. బడులు తెరుస్తారు. యూనిఫాం కుట్టించాలి, బూట్లు కొనాలి, నోటు పుస్తకాలు, ఇంటర్‌లో చేరే పిల్లలకి ఫీజు, ఊరు మారిన పిల్లకి టీసీ కోసం తిరగడం, అన్నీ రెండు వారాల్లో మీద పడతాయి. ఆ నెలలో పుట్టినరోజులు ఎన్ని వచ్చినా భోజనాలే వస్తాయి, బూట్లు రావు. ఏప్రిల్‌లో కలిసి, సంస్థకి వెళ్లి ఏ సైజు బూట్లు ఎన్ని కావాలో రాయించుకుని, మే మూడో వారానికి డబ్బు వాళ్ల ఖాతాలో వేస్తే టోకు దుకాణంలో బేరమాడి కొనుక్కునే వ్యవధి వార్డెనమ్మకి ఉంటుంది.